బాపు గారి చిన్న చిన్న బొమ్మలు: తేదీల్లేని కత్తిరింపుల్లో ముందువేవి, తర్వాతవేవి?

మైలాపూరు మనవరాలు:

అందరికీ నమస్కారమండీ. చెన్నైలో ఉంటాను. మా అమ్మమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ళూ కథలూ చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి దాచేది. మీ ఇళ్ళలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. అవన్నీ ఇప్పుడు నా దగ్గరికి వచ్చాయి, ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. కథలు ఎలాగూ పుస్తకాలుగా దొరుకుతాయి కాబట్టి నా ధ్యాస వాటి మీద లేదు, బొమ్మల మీదే ఉంది. అందులోనూ పేజీ నిండా వేసిన పెద్ద బొమ్మలు కాదు. కథ పేరు పక్కన వేలెడంత బొమ్మ ఉంటుంది చూడండి, కథ అయిపోయాక మిగిలిన రెండంగుళాల ఖాళీలో ఒక కూజానో, చెప్పుల జతో, గోడమీద పిల్లో ఉంటుంది, ఉత్తరాల శీర్షిక మీద ఒక పోస్ట్‌మ్యాన్ ఉంటాడు, అవి. బాపు గారి పెద్ద బొమ్మలూ కార్టూన్లూ ఆల్బమ్‌లుగా వచ్చాయి కానీ ఈ చిన్నవాటిని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాకేమో ఆయన చెయ్యి వీటిలోనే ఎక్కువ కనిపిస్తుంది. పెద్ద బొమ్మకి ఆలోచించి, పెన్సిల్‌తో గీసుకుని, దిద్దుకుని ఉంటారు. ఈ చిన్నవి వేళకి ప్రెస్సుకి పంపాలి కాబట్టి ఒక్క ఊపులో వేసి ఉంటారని అనిపిస్తుంది.

వీటిని మొదటి రోజులవి, నడిమి రోజులవి, చివరి రోజులవి అని వరసలో పెట్టాలని నా ఆశ. చిక్కేమిటంటే కుట్టేటప్పుడు అంచులు సమంగా రావాలని అమ్మమ్మ పైన, కింద కత్తిరించేసింది, దాంతో పత్రిక పేరూ తేదీ రెండూ పోయాయి. కొన్నిటి మీద సంతకం ఉంది, చాలావాటి మీద లేదు.

నాకు తెలిసినంతవరకు ఆయన బొమ్మలు మొదట అచ్చయింది ఇక్కడే, మద్రాసులో రేడియో అన్నయ్య, అక్కయ్య (న్యాపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు) 1945లో మొదలుపెట్టిన 'బాల' పత్రికలో. 1933 డిసెంబర్‌లో పుట్టారు కాబట్టి అప్పటికి ఆయనకి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 2014 ఆగస్టులో పోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. అంటే దాదాపు డెబ్బై ఏళ్ళ గీత. ఇంత పొడుగు దారిలో ఒక కూజా బొమ్మ ఎక్కడిదో ఎలా తేల్చాలి? సంతకం లేనివి ఆయనవేనని ఎలా నమ్మాలి? 'బాల' పాత సంచికలు చెన్నైలో కూర్చుని చూసే చోటు ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎంత పెద్ద జవాబైనా చదువుతాను.


పాత అచ్చు:

అమ్మా, మీ అమ్మమ్మగారికి ముందు నా నమస్కారం. అంచులు కత్తిరించినా ఆవిడ మీకు ఒకటి మిగిల్చారు, కాగితం వెనక వైపు. బొమ్మని చూడటం తర్వాత, ముందు పేజీ తిప్పండి.

నేను జార్జ్ టౌన్‌లో బ్లాకులు చేసే షాపులో పని నేర్చుకుని ఆ తర్వాత ప్రెస్సుల్లోనే చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి. పేజీ వెనక ఏదో ఒక ప్రకటన ఉంటుంది, లేకపోతే ప్రకటనలో సగం ముక్కైనా ఉంటుంది. అందులో ధర ఎలా రాశారో చూడండి. రూ. 1-8-0 అని గీతలు పెట్టి రాసినా, అణాలు అని ఉన్నా అది కొత్త నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్ 1కి ముందుదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. దాదాపు అని ఎందుకంటున్నానంటే కొత్త నాణేలు వచ్చాక కూడా కొన్నాళ్ళు పాత లెక్కా కొత్త లెక్కా రెండూ వేసేవాళ్ళు. "న.పై." అని ఉంటే నయాపైసలు, అంటే 1957 నుంచి 1964 దాకా. 1964 జూన్‌లో 'నయా' తీసేసి ఉత్త పైసలన్నారు. అలాగే వీశెలు, శేర్లు పోయి కిలోలు రావడం కూడా ఆ కాలంలోనే, 1958లో మొదలై 1962కల్లా తప్పనిసరి అయింది. అడ్రసులో "మదరాసు-17" అని ఉందా, "మదరాసు-600 017" అని ఉందా చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. "చెన్నై" అని ఉంటే 1996 తర్వాతదే. సినిమా ప్రకటన దొరికితే ఇంక పండగే, విడుదల తేదీ పట్టుకుంటే వారంతో సహా చెప్పొచ్చు. మాయాబజార్ "నేడే విడుదల" అని ఉంటే అది 1957 మార్చి 27 చుట్టుపక్కలదని కళ్ళు మూసుకుని రాసుకోవచ్చు.

ఇది కాగితం వయసు. బొమ్మ వయసు వేరు. ఈ సంగతి బయటివాళ్ళకి తట్టదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ రోజుల్లో ఆర్టిస్టు నల్ల ఇంకుతో, అచ్చులో రావాల్సిన సైజు కంటే పెద్దదిగా వేసి ఇచ్చేవాడు. దాన్ని పెద్ద ప్రాసెస్ కెమెరాతో ఫొటో తీసి, సైజు తగ్గించి, ఆ నెగటివ్‌ని జింకు రేకు మీదకి ఎక్కించి, రేకుని యాసిడ్‌లో ముంచితే గీతలు నిలిచి మిగతాది కరిగిపోతుంది. ఆ రేకుని చెక్కముక్క మీద మేకులతో బిగిస్తే అది లైన్ బ్లాకు. టైపు ఎత్తుకి సరిగ్గా సమానంగా ఉంటుంది, అక్షరాల మధ్యలోనే పెట్టి బిగించి అచ్చు వేసేస్తాం. ఇప్పుడు ఆలోచించండి, వారం అయిపోయాక ఆ బ్లాకుని ఏం చేస్తారు? పెద్ద బొమ్మలవైతే పక్కన పడేస్తారు, కరిగించడానికి పోతాయి. కూజా, చెప్పులు, పిల్లి లాంటి చిన్నవాటిని మాత్రం సొరుగులో దాచుకుంటాం. ఎందుకంటే ఏ వారమైనా పేజీ కట్టేటప్పుడు కింద రెండంగుళాలు మిగిలిపోతుంది, అప్పటికప్పుడు ఆర్టిస్టుని ఎక్కడినుంచి తెస్తాం? సొరుగు లాగి సరిపోయిన బ్లాకు తీసి పెట్టేస్తాం. అందుకని ఒక బొమ్మ వేసినది ఒక ఏడాది, మీ చేతిలో ఉన్న పేజీ అచ్చయింది ఇంకో ఏడాది కావచ్చు, మధ్యలో పదేళ్ళు గడిచినా ఆశ్చర్యం లేదు. కథ పేరుతో కలిపి వేసిన బొమ్మకి ఈ బాధ లేదు, అది ఆ కథకే. మీరు వరస పెట్టేటప్పుడు పేరుతో కలిసి ఉన్నవాటిని ఒక కట్టగా, ఖాళీ నింపినవాటిని వేరే కట్టగా పెట్టుకోండి. మొదటి కట్టని నమ్మండి. రెండో కట్ట విషయంలో, "ఈ తేదీకి ముందే వేసి ఉండాలి" అని మాత్రమే అనండి.

భూతద్దం ఉంటే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. బ్లాకుతో అచ్చయిన గీతకి అంచుల్లో ఇంకు కాస్త గట్టుకట్టి, మధ్యలో పలచగా ఉంటుంది, కాగితం వెనక వేలితో తడిమితే నొక్కు తెలుస్తుంది. బ్లాకుల తర్వాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చులో ఆ గట్టూ ఉండదు, నొక్కూ ఉండదు.

ఒక్క మాట, దయచేసి ఏదీ లామినేషన్ చేయించకండి. ఎంతోమంది ప్రేమకొద్దీ చేయించి పాడుచేసుకున్నారు. న్యూస్‌ప్రింట్‌లోనే పులుపు, అంటే యాసిడ్, ఉంటుంది, లోపల మూసేస్తే అది అక్కడే ఉండి కాగితాన్ని తినేస్తుంది.


గీతల పిచ్చి:

పాత అచ్చు గారూ, సొరుగు సంగతి నాకూ కొత్తే, చాలా థాంక్స్ అండీ. నేను బొమ్మలు వేసే పనిలో ఉన్నాను, కోడంబాక్కంలో. ఆయన చెప్పినదానికి గీత వైపు నుంచి కొంత కలుపుతాను.

అక్కా, సంతకాన్ని నమ్ముకోకండి. బాపు గారి గీతని చూసి బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు తెలుగు పత్రికల్లో ఎంతమందో ఉన్నారు, జడ వేసే తీరు, కళ్ళు, నడుము దగ్గర ఒంపు అన్నీ దించేశారు. నేర్చుకునేవాడు పెద్ద బొమ్మలో చాలావరకు మెప్పించగలడు, చిన్న బొమ్మలోకి వచ్చేసరికి దొరికిపోతాడు. ఎక్కడంటే వదిలెయ్యాల్సిన చోట. అంగుళం బొమ్మలో ఆరో ఏడో గీతలకే చోటుంటుంది. ఏ గీత వెయ్యకూడదో తెలియాలి. అనుకరించేవాళ్ళు చీర కుచ్చిళ్ళన్నీ లెక్కపెట్టి వేస్తారు. బాపు గారి పరిపక్వమైన చిన్న బొమ్మలో భుజం నుంచి మడమ దాకా ఒక గీత దిగుతుంది, ఆ ఒక్కదాంతోనే చీర, నడక, ఆ మనిషి విసురు మూడూ వచ్చేస్తాయి. సంతకం కప్పేసి చూడండి, అప్పుడు తేడా తెలుస్తుంది.

గీత మందం చూసి కాలం చెప్పాలని అనుకుంటే జాగ్రత్త. పాత అచ్చు గారు చెప్పారు కదా, పెద్దదిగా వేసింది చిన్నది చేసి బ్లాకు తీస్తారని. ఒకే పాళీతో వేసిన రెండు బొమ్మల్లో ఒకదాన్ని సగానికి, ఇంకోదాన్ని నాలుగో వంతుకి తగ్గిస్తే అచ్చులో మందం వేరుగా కనిపిస్తుంది. అందుకే నేను మందాన్ని విడిగా కొలవను, తల ఎత్తుతో పోల్చి చూస్తాను. తలలో ఎన్నో వంతు ఉంది గీత అని. అప్పుడు తగ్గింపు లెక్కలో నుంచి జారిపోతుంది.

ఇంక వరస పెట్టడానికి నేను వాడే పద్ధతి ఇది. ముందు తేదీ కచ్చితంగా తెలిసిన బొమ్మలు కొన్నిటిని గుంజల్లా పాతుకోవాలి, మిగతావాటిని వాటి మధ్య కట్టుకుంటూ పోవాలి. చిన్ననాటివాటికి 'బాల' ఉంది. ఆ తర్వాత 1955లో, ఇక్కడే లా చదువు పూర్తయిన ఏడాదిలోనే, ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. 1956లో ముళ్ళపూడి వారి బుడుగు వచ్చింది. ఆ బుడుగు బొమ్మలు మంచి గుంజ, ఎందుకంటే అందులో మనుషులూ, ఇంటి సామానూ, వీధీ అన్నీ ఉన్నాయి, మీ కూజాని అందులోని కూజాతో పోల్చుకోవచ్చు. నడిమికి నా దృష్టిలో అమరావతి కథల బొమ్మలని మించినవి లేవు. శంకరమంచి సత్యం గారి వంద కథలు 1975 నుంచి 77 దాకా ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చాయి, బొమ్మలు బాపు గారివి. రెండేళ్ళలో వంద కథలకు బొమ్మలు, ఒకే చెయ్యి, ఒకే ఊరు, ఒకే నది. ఇంతకంటే మంచి కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది? చివరి రోజులకి స్వాతి వీక్లీలో వచ్చిన కోతికొమ్మచ్చి బొమ్మలు చూడండి, అప్పటికి ఆయన డెబ్బై దాటారు.

ఈ గుంజల మధ్య నా కంటికి కనిపించే మార్పు చెప్తాను, ఒప్పుకోకపోతే వాదించండి. యాభైల్లోని బొమ్మల్లో మనిషి ఎక్కడో ఒక చోట నిలబడి ఉంటాడు, గోడో, గుమ్మమో, చెట్టో ఉండి తీరుతుంది. తమిళ పత్రికల పెద్దాయన, ఆనందవికటన్ గోపులు గారిని బాపు గారు గురువులా భావించేవారు కదా, ఆ కాలపు బొమ్మల్లో ఆ చుట్టరికం నాకు బాగా కనిపిస్తుంది, ముఖ్యంగా జనం గుంపుగా ఉన్న బొమ్మల్లో. డెబ్బైలకి వచ్చేసరికి నేల మాయమైపోతుంది, మనిషి తెల్ల కాగితం మీదే నిలబడతాడు, అయినా గాలిలో తేలుతున్నట్టు ఉండడు. పాదం పెట్టిన తీరులోనే నేల ఉంటుంది. చివరి రోజుల్లో గీత ఇంకా వదులవుతుంది, ఎక్కడో మొదలై మధ్యలో తెగి మళ్ళీ అందుకుంటుంది. కొంతమంది దాన్ని వయసు మీద పడటం అంటారు. నాకైతే ఆ మాట అస్సలు నచ్చదు. తెగిన చోటు చూడండి, ఎప్పుడూ మోచేతి దగ్గరో, బుగ్గ మీదో, వెలుతురు పడే చోటే తెగుతుంది. వణికే చెయ్యి అలా చోటు చూసుకుని తెగదు.

అక్షరాలు మరిచిపోకండి. కథ పేరు ఆయనే చేత్తో రాస్తే అది సంతకం కంటే గట్టి సాక్ష్యం. ఇప్పుడు ఆ రాత కంప్యూటర్ ఫాంటుగా కూడా వచ్చేసింది కాబట్టి కొత్త పత్రికల్లో జాగ్రత్త, ఫాంటులో ప్రతి 'క' ఒకేలా ఉంటుంది, చేత్తో రాసినప్పుడు పక్కపక్కనున్న రెండు 'క'లు కూడా ఒకేలా ఉండవు.


ఎగ్మోర్ రీడర్:

'బాల' గురించి అడిగారు కాబట్టి లైబ్రరీల సంగతి నేను చెప్తాను. ఎగ్మోర్‌లో పాంథియన్ రోడ్డు మీద మ్యూజియం ఆవరణలోనే కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నుంచీ ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి, 1954 నాటి చట్టం అది. పత్రికల్ని ఆ చట్టంలోకి తెచ్చింది 1956లో. అంటే మీకు కావాల్సిన 1945 నాటి సంచికల విషయంలో ఆ చట్టం మీద ఆశ పెట్టుకుని వెళ్ళకండి, కేటలాగులో తెలుగు పత్రికల కార్డులు ఉన్నాయేమో అడిగి, పాత సంచికల విభాగంలో ఉన్నవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడండి. పొద్దున్నే వెళ్ళండి. పత్రిక పేరు, ఏడాది, నెల ఒక చీటీ మీద రాసుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది, ఉత్తినే "పాత తెలుగు పత్రికలు చూపించండి" అంటే ఎవరైనా ఏం తీసి ఇస్తారు.

ఆంధ్రపత్రిక మాత్రం ఇంట్లో కూర్చునే చూడొచ్చు, ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత సంచికలు చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. స్కాన్ అంత నున్నగా ఉండదు, సన్నగీతలు కొన్ని చోట్ల ఎగిరిపోయి ఉంటాయి, కాబట్టి గీతని పోల్చడానికి పనికిరాదు. తేదీ పట్టుకోవడానికి మాత్రం బంగారం. మీ కత్తిరింపులో కథ పేరు ఉంటే ఆ పేరుతో వెతకండి, దొరికితే తేదీ దొరికినట్టే. ఆ పత్రిక ఆఫీసు మన తంబుచెట్టి వీధిలోనే ఉండేది, తెలుసుగా. పక్క పేజీల్లో అమృతాంజనం ప్రకటన కనిపిస్తే ఆశ్చర్యపోకండి, రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు పెట్టినవే.

ఇక్కడ దొరకనివాటికి వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, రెండు చోట్లా పాత తెలుగు పత్రికలు మంచి లెక్కలో ఉన్నాయి. వేటపాలెం వెళ్ళాలంటే చీరాల దాకా రైలు ఉంది, ఒక రాత్రి అక్కడ ఉండేలా చూసుకుని వెళ్ళండి.

పాత పుస్తకాల షాపుల సంగతికొస్తే, మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ వైభవం లేదు. సెంట్రల్ స్టేషన్ పక్కన కొత్త కాంప్లెక్సులోనూ, లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీదా ఇప్పటికీ తెలుగువి అప్పుడప్పుడు తగులుతాయి, కానీ వాటిని నమ్ముకుని వరస కట్టలేం.


వడపళని వాసి:

ఇక్కడ అందరూ బాపు గారి గురించే రాస్తున్నారు, నాకూ ప్రాణమే, కానీ మీరు చేస్తున్న పనికి చందమామ ఒక మంచి పాఠం అవుతుందని రాస్తున్నాను.

మా వీధి చివరే ఆర్కాటు రోడ్డు మీద చందమామ బిల్డింగ్స్ ఉండేవి. అక్కడ బొమ్మలు వేసిన శంకర్ గారు, అసలు పేరు కె.సి. శివశంకరన్, 1952లో చందమామలో చేరారు, అంతకుముందు తమిళ పత్రిక కలైమగళ్‌లో వేసేవారు. పత్రిక ఆగిపోయేదాకా వేశారు, అంటే అరవై ఏళ్ళు ఒకే చోట. 2020 సెప్టెంబర్‌లో పోయారు, 96 ఏళ్ళు, మరుసటి ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. ఇచ్చేదేదో ఆయన ఉండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పాఠం ఏమిటంటే, విక్రమార్కుడు కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే శంకర్ గారి బొమ్మ అందరికీ తెలుసు. అలాంటి తలకట్టు బొమ్మ నెలనెలా, ఏళ్ళ తరబడి అలాగే వేస్తారు. దాని కింద కథ కొత్తది, బొమ్మ పాతది. పైగా తర్వాత్తర్వాత చందమామలో పాత కథలనే పాత బొమ్మలతో మళ్ళీ వేశారు. కాబట్టి తొంభైల నాటి సంచిక చేతిలో పెట్టుకుని "ఇది శంకర్ గారి చివరి రోజుల గీత" అంటే పప్పులో కాలేసినట్టే. అసలు కథ మొదటిసారి ఎప్పుడు వచ్చిందో చూసుకోవాలి. మీ కత్తిరింపుల్లో కూడా శీర్షికల మీద పోస్ట్‌మ్యాన్ బొమ్మ లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఇంకో తేడా చూడండి. చందమామలో ఒకే బొమ్మ తెలుగుకీ, తమిళానికీ, కన్నడానికీ, హిందీకీ పనికిరావాలి కాబట్టి బొమ్మ లోపల అక్షరాలు ఉండకూడదు, పేరు విడిగా వేస్తారు. గీతల పిచ్చి గారు చెప్పిన చేతిరాత సాక్ష్యం అక్కడ దొరకదు. బాపు గారిది ఒక్క తెలుగు కోసమే వేసిన బొమ్మ, అక్షరం బొమ్మలో కలిసిపోతుంది, ఒక్కోసారి పేరులోని సున్నా మీద పిట్ట వాలి ఉంటుంది. ఆ కలయిక ఉన్నవాటిని ముందు ఏరండి.


మైలాపూరు మనవరాలు:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పెట్టెలో పైన ఉన్న కట్టలు తీసి మీరు చెప్పినట్టే పేజీలు తిప్పి చూశాను. పాత అచ్చు గారూ, మీ మాట అక్షరాలా నిజమైంది, రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

ఒక చిన్న బొమ్మ ఉంది, తులసికోట గట్టు మీద కూర్చున్న కాకి, పక్కన బోర్లించిన చెంబు. సంతకం లేదు. కథ చివర ఖాళీలో ఉంది. వెనకాల ఒక తలనూనె ప్రకటన, ధర "75 న.పై." అని ఉంది. సరే, 57కీ 64కీ మధ్య అని రాసుకున్నాను. వేరే కట్టలో, పూర్తిగా వేరే సీరియల్ చివర మళ్ళీ అదే కాకి! దాని వెనక ఒక వైద్యశాల ప్రకటనలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంది, అంటే 72 తర్వాతది. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే రెండోదానిలో చెంబు అంచు దగ్గర గీత చిన్నగా తెగి ఉంది, మొదటిదానిలో నిండుగా ఉంది. ఇది మళ్ళీ వేసిన బొమ్మా, లేక అదే బ్లాకా?

పేరుతో కలిసి ఉన్నవాటిని వేరు చేస్తే అవే ముందు ఒక దారికి వచ్చాయి. ఒక కథ పేరు పట్టుకుని ఆన్‌లైన్‌లో వెతికితే సంచిక దొరికింది, తేదీతో సహా. దాని మీద నీళ్ళబిందె ఎత్తుకున్న అమ్మాయి ఉంది, వెనక గోడ, గోడ మీద తీగ, కింద మెట్లు అన్నీ ఉన్నాయి. ఆఫ్‌సెట్ కట్టలో ఇలాంటి బిందె అమ్మాయే ఇంకొకతె ఉంది, సంతకంతో. అక్కడ గోడా లేదు, మెట్లూ లేవు, బిందె కూడా సగమే వేశారు, మిగతా సగం మన కన్నే పూర్తి చేసుకుంటుంది. ఆ రెంటినీ పక్కన పెట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఒకే మనిషి, ఒకే బిందె, మధ్యలో ఇన్ని దశాబ్దాల పని. ఈ జతలు దొరికినన్ని పోగు చెయ్యాలని ఉంది. బిందెకి బిందె, పిల్లికి పిల్లి, కూజాకి కూజా.


పాత అచ్చు:

అదే బ్లాకమ్మా. మళ్ళీ వేస్తే ఒక్క గీతైనా ఎక్కడో జరుగుతుంది, మనిషి చెయ్యి కదా. రెండు పేజీలనీ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, అన్ని గీతలూ కలిసిపోయి చెంబు అంచు దగ్గర మాత్రమే తేడా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. సొరుగులో బ్లాకులు ఒకదానికొకటి తగిలి అంచులు నొక్కుకుపోతాయి, తెగిన గీత ఆ దెబ్బే. ఒకసారి తెగిన గీత మళ్ళీ అతుక్కోదు కాబట్టి మూడో కాకి ఎక్కడైనా దొరికితే, గీత నిండుగా ఉందా తెగి ఉందా అన్నదాన్ని బట్టి అది ఈ రెంటిలో దేనికి దగ్గరో కూడా చెప్పేయొచ్చు. రెండూ ఒకే పత్రికవని కూడా దాదాపు చెప్పొచ్చు, బ్లాకు సాధారణంగా ప్రెస్సు గడప దాటదు.


గీతల పిచ్చి:

కాకి బాపు గారిదా కాదా అన్నది ఇంకా తేలలేదు అక్కా, తొందరపడి ఆయన ఖాతాలో రాసెయ్యొద్దు. బుడుగు కాలపు బొమ్మల్లో కాకులో పిచ్చుకలో ఉంటాయి, ముక్కు తల దగ్గర ఎలా మొదలైందో చూడండి, కాళ్ళకి ఎన్ని గీతలు వేశారో చూడండి. అప్పటిదాకా దాన్ని "ఎవరిదో తెలియదు, 64కి ముందు" అనే కట్టలో ఉంచండి.

జతల ఆలోచన మాత్రం అద్భుతంగా ఉంది. స్కాన్ చేసేటప్పుడు ఆరువందల డీపీఐ పెట్టి, పేజీ రెండు వైపులా తియ్యండి, బొమ్మని మాత్రం కత్తిరించి దాచకండి, చుట్టూ ఉన్న అక్షరాలు, వెనక ఉన్న ప్రకటన కూడా దాంతోనే ఉండాలి. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. బిందె అమ్మాయిలిద్దరినీ ముందు ఇక్కడ పెట్టండి, తల ఎత్తుకీ గీతకీ లెక్క నేను కట్టి చెప్తాను.


ఎగ్మోర్ రీడర్:

శనివారం నేను కన్నెమరాకి వెళ్తున్నాను. మీ దగ్గరున్న కథల పేర్లలో తేదీ దొరకనివి ఒక పదిహేను ఇక్కడ రాయండి, తెలుగు వారపత్రికల బౌండు వాల్యూములు ఏ ఏడాదివి బయటికి ఇస్తారో కనుక్కుని, ఇచ్చినవాటిలో వెతుకుతాను. 'బాల' సంగతి కూడా అడుగుతాను.